మా ఆసుపత్రి పేజీలో నలభై పోస్టులు, లైకులన్నీ స్టాఫ్‌వే

తీరం_పిల్ల | జూలై 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విశాఖ వన్‌టౌన్ వైపు ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో రిసెప్షన్‌లో చేస్తున్నాను. పేరు అడగొద్దు, ఉద్యోగం కావాలి నాకు. మార్చిలో మా సెక్రటరీ గారు పిలిచి "ఎప్పుడూ ఫోన్‌లోనే ఉంటావు కదమ్మా, మన ఫేస్‌బుక్ పేజీ నువ్వే చూసుకో" అన్నారు. తిట్టారో, పని ఇచ్చారో ఇప్పటికీ అర్థం కాలేదు.

అప్పట్నుంచి నలభై పోస్టులు పెట్టాను. ఏప్రిల్ 7 ప్రపంచ ఆరోగ్య దినం, మే 31 పొగాకు వద్దు దినం, జూన్ 14 రక్తదాతల దినం, మధ్యలో పండగ శుభాకాంక్షలు, ఛైర్మన్ గారి పుట్టినరోజు. ఒక్కోదానికి పది, పన్నెండు లైకులు. ఎవరివా అని చూస్తే మా నర్సులు, ల్యాబ్ అబ్బాయి, మా అమ్మ.

మొన్న మంగళవారం బొమ్మా గిమ్మా లేకుండా ఫోన్‌లో ఇలా కొట్టి పడేశాను: "ఈ గురువారం స్కానింగ్ డాక్టరు గారు ఊళ్లో ఉండరు. శుక్రవారం పొద్దున తొమ్మిదికి రండి." అరవై మూడు షేర్లు! కింద ఒకాయన "భీమిలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లం, బతికించారు" అని రాశాడు. సెక్రటరీ గారికి చూపిస్తే "లోగో ఏదమ్మా?" అన్నారు.

ఇప్పుడు డెంగీ సీజన్ వచ్చేసింది. ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డబుల్_డ్యూటీ | జూలై 9, రాత్రి 11:15

"లోగో ఏదమ్మా" దగ్గర గట్టిగా నవ్వేశాను, వార్డులో ఒక పెద్దాయన లేచి కూర్చున్నారు. నీ జవాబు నీ పోస్టులోనే ఉందమ్మాయ్. పాతికేళ్లుగా నర్సుగా చూస్తున్నాను. జనం అడిగేవి ఇంతే: పెద్ద డాక్టరు ఉన్నారా, ఎంతసేపు ఉంటారు, ఎంతవుతుంది, బాత్రూం ఎక్కడ. ఈ నాలుగూ వదిలేసి మిగతా లోకమంతా చెబుతాయి మన పేజీలు.

కంచరపాలెం_డిజైనర్ | జూలై 10, ఉదయం 8:05

నేరం ఒప్పుకోవడానికి వచ్చాను అక్కా. మూడు ఆసుపత్రులకి, ఒక ఎన్జీఓకి పోస్టర్లు చేసేది నేనే. ఆర్డరు ఎలా వస్తుందో చెబుతాను. ముందు ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలో చెబుతారు. తర్వాత రంగులు. ఆఖర్న, నేను మెషీను కట్టేసే టైముకి, "మేటరు నువ్వే ఏదో ఒకటి రాసేయ్ తమ్ముడూ" అంటారు. డయాబెటిస్ గురించి విశాఖ జనాభాకి సలహా ఇస్తున్నది ఎవరనుకున్నారు? ఇంటర్ ఫెయిలైన నేను.

ఇంకో లోపలి మాట. తెలుగు పోస్టులన్నీ ఎందుకు బొమ్మలుగానే వస్తాయో తెలుసా? డీటీపీలో మేటరు అను ఫాంట్లలో కొడతారు. అది అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ కాదు. అక్కడినుంచి తీసి ఫేస్‌బుక్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అందుకని జేపెగ్ చేసి వదిలేస్తాం. బొమ్మలో ఉన్న అక్షరాలని ఎవరూ సులువుగా కాపీ చేసి వాళ్ల వీధి గ్రూపులో వేసుకోలేరు. చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపించడం కష్టం. మీ స్కానింగ్ పోస్టు అంతలా పాకిందంటే అది ఉత్త అక్షరాలు కావడం వల్లే. దానికి లోగో పెట్టి ఉంటే చచ్చిపోయేది.

మాజీ_ఫార్మసిస్టు | జూలై 10, ఉదయం 9:30

డిజైనర్ బాబు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అక్షరాల తర్వాత విషయానికి వద్దాం. "డెంగీని తరిమికొడదాం, పరిసరాలు పరిశుభ్రంగా ఉంచుదాం" అని రాస్తే అది గోడమీద నినాదం. చదివినవాడు లేచి ఏం చెయ్యాలో అందులో లేదు.

శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లు పారబోసే రోజు అని మన దగ్గర ఏళ్లతరబడి చెబుతున్నారు. వారానికొకసారే ఎందుకో ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా? డెంగీ తెచ్చే ఏడిస్ దోమకి గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది. ఆలోపు ఒకసారి నీళ్లు పారబోస్తే పురుగు దోమ కాకముందే పోతుంది. ఇంకొకటి. ఆ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి పారబోసి ఊరుకుంటే చాలదు, కొబ్బరిపీచుతో గోడలు రుద్దాలి. కారణం చెబితే మనిషి గుర్తుపెట్టుకుంటాడు, ఆజ్ఞాపిస్తే మర్చిపోతాడు.

అరిలోవ_అమ్మ | జూలై 10, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది గానీ మా వీధికి పనికిరాదు. మాకు కుళాయి వచ్చేదే రోజుకి కాసేపు. పట్టుకున్న నీళ్లు డ్రమ్ముల్లో దాచుకుంటాం. వాటిని శుక్రవారం పారబొయ్యమంటే పారబొయ్యడానికి మనసొప్పుతుందా? "నిల్వ నీరు తొలగించండి" అని పోస్టు చూసినప్పుడల్లా ఇది రాసినవాళ్లింట్లో మోటారు ఉందనుకుంటాను.

మాజీ_ఫార్మసిస్టు | జూలై 10, మధ్యాహ్నం 1:48

అమ్మా, మీ మాటకి తలవంచాను. మీ వీధికి రాయాల్సింది ఇది: "డ్రమ్ము మీద పాత చీర ముక్క రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టండి. నీళ్లు అయిపోయిన రోజున, మళ్లీ నింపే ముందు పీచుతో రుద్దండి." పారబొయ్యమనే మాటే వద్దు. నలభై ఏళ్లు కౌంటర్ వెనక నిలబడ్డాను, ఇప్పుడు మీరు చెబితే తెలిసింది.

డా_ఎముకలు | జూలై 10, రాత్రి 9:10

కొంచెం వేరే మాట చెబుతాను, తిట్టకండి. నేను ఆర్థో. రీల్స్ చేస్తాను, బాగానే చూస్తారు. అక్షరాలు చదివే ఓపిక జనానికి లేదు. 2011 మేలో అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ సంస్థ ఏం చేసిందో తెలుసా? తుపానులకి సిద్ధంగా ఉండండి అంటే ఎవరూ వినడం లేదని, "జాంబీలు దాడి చేస్తే ఇంట్లో ఏమేం సిద్ధంగా ఉంచుకోవాలి" అని రాసింది. నీళ్లు, మందులు, టార్చిలైటు, ముఖ్యమైన కాగితాలు. తుపానుకీ అవే కదా. చూసేవాళ్ల తాకిడికి వాళ్ల సర్వరు పడిపోయింది. ఇంగ్లండ్ రక్తనిధి వాళ్లు 2015లో పేర్ల బోర్డుల్లోంచి ఏ, బీ, ఓ అక్షరాలు మాయం చేసి, రక్తం గ్రూపులు ఇలాగే మాయమైతే ఎలా అని అడిగారు. ముందు మనిషి ఆగి చూడాలి. ఆగకపోతే మీ కొబ్బరిపీచు ఎవడికి చెబుతారు?

డబుల్_డ్యూటీ | జూలై 10, రాత్రి 9:52

డాక్టరు గారూ, సర్వరు పడిపోయింది సరే. వాళ్లలో ఎందరు వెళ్లి క్యాను నింపుకున్నారు? చూసినవాళ్ల లెక్క వేరు, చేసినవాళ్ల లెక్క వేరు. అయినా రీల్స్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మొన్నొక క్యాంపులో కంటి ఆపరేషన్ అయిన అవ్వ ఫొటో, కట్టుతో సహా పేజీలో పెట్టేశారు, పక్కన పళ్లు పంచుతున్న పెద్దలతో. కొడుకు హైదరాబాద్‌లో చూసుకుని వచ్చి గొడవ పెట్టాడు, "మా అమ్మ దిక్కులేనిదా" అని. అవ్వని ఎవరూ అడగలేదు. సేవ చేసినట్టు రుజువు కావాలంటే అవ్వ మొహమే దొరికిందా?

డా_ఎముకలు | జూలై 10, రాత్రి 10:20

సిస్టర్, అక్కడ మీతోనే ఉన్నాను. నా రీల్స్‌లో ఉండేది నేనూ, ప్లాస్టిక్ అస్థిపంజరమూ. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో డాక్టర్లకి సోషల్ మీడియా నియమాలు తెచ్చింది. పేషెంట్ల ఫొటోలు, స్కాన్‌లు పెట్టొద్దు, లైకులూ ఫాలోవర్లూ కొనొద్దు, పబ్లిక్ పోస్టులో వైద్యం చెప్పొద్దు అని. ఇతర అంశాల మీద గొడవై అదే నెలలో మొత్తం ఆపేశారు. మళ్లీ 2002 నాటి పాత నియమావళే నడుస్తోంది. రాసిన కాగితం ఆగినా, అందులో ఉన్న బుద్ధి ఆగనక్కర్లేదు కదా.

సింహాచలం_మెట్లు | జూలై 11, ఉదయం 6:30

ఇదంతా తీరిగ్గా ఉన్నప్పటి మాట. ప్రాణం మీదికొచ్చినప్పటి మాట నేను చెబుతాను. 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైన రోజు. మా ఇల్లు అక్కడికి మరీ దగ్గర కాదు, మరీ దూరమూ కాదు. తెల్లవారుజామున ఫోన్ల మోత. ఒక మెసేజ్ ఇంట్లోంచి బయటికి రావద్దంటుంది, ఇంకొకటి వెంటనే పరిగెత్తమంటుంది. రెండూ నిజమే అయ్యుండొచ్చు, ఒకటి దూరంగా ఉన్నవాళ్లకి, ఒకటి దగ్గరున్నవాళ్లకి. ఏది ఎవరికో ఎవరూ రాయలేదు. మధ్యలో అరటిపండు, బెల్లం తింటే విరుగుడు అని ఒకటి తిరిగింది.

అసలు నరకం ఆ రాత్రి. ట్యాంకు మళ్లీ లీకవుతోంది, పేలిపోతుంది అని పుకారు. నడిరాత్రి పిల్లల్ని బండిమీద వేసుకుని బయల్దేరాం. దారంతా మాలాంటివాళ్లే. తెల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చుని ఫోను చూస్తూనే ఉన్నాను. నాకు ఆ రాత్రి కావలసింది ఒకటే మాట: "ఇప్పటికి ఇంత తెలుసు. ఇది తెలియదు. ఒంటిగంటకి మళ్లీ చెబుతాం." ఆ చెప్పేవాళ్లు లేకే పుకారు రాజ్యమేలింది.

డా_ఎముకలు | జూలై 11, ఉదయం 7:15

చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. ఇందాక చెప్పిన సీడీసీ వాళ్ల ఆపత్కాల పాఠాల్లో మొదటి రెండూ "ముందుగా చెప్పు, సరిగా చెప్పు" అనే. ఆ రెండూ కొట్టుకుంటాయి. పూర్తిగా తెలిసేదాకా ఆగితే ఆలస్యం, తొందరపడితే తప్పు. మీరు అడిగిన ఆ మూడు వాక్యాలే ఆ తగువుకి పరిష్కారం. కోవిడ్ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల ఆరోగ్య ఆంధ్ర ఖాతాలో రోజూ వచ్చే బులెటిన్ కోసం ఎలా ఎదురుచూసేవాళ్లమో గుర్తుందా? డిజైన్ ఏమీ లేదు, ఒక పట్టిక. జిల్లాల వారీగా ఉండేది కాబట్టి అందరం ముందు విశాఖ వరుసే చూసుకునేవాళ్లం.

పాడేరు_ఘాట్ | జూలై 11, మధ్యాహ్నం 2:40

కొండ మీంచి ఒక మాట. నేను ఏజెన్సీలో హెల్త్ డిపార్ట్‌మెంటులో చిన్న ఉద్యోగిని. ఇక్కడ కొన్ని ఊళ్లలో సిగ్నల్ కోసం చింతచెట్టు కిందికి నడిచి వెళ్లాలి. పైగా కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. మలేరియా మీద పైనుంచి వచ్చే తెలుగు పోస్టరు నేను నా ఫోన్‌లో చూసి నేనే లైకు కొట్టాలి.

మాకు పనిచేసింది వాయిస్ మెసేజ్. మా ఆశా కార్యకర్త కువిలో నలభై సెకన్లు మాట్లాడింది: దోమతెర ఎలా కట్టాలి, చలి జ్వరం వస్తే సూది రక్తపరీక్షకి ఎవరి దగ్గరికి రావాలి. మధ్యలో ఆవిడ కోడి కూత కూడా రికార్డయింది. అది తీసెయ్యమని మా పై ఆయన అన్నారు. నేను తియ్యలేదు. కోడి కూత వినే "ఇది మన సుక్కురమ్మ ఇంటి దగ్గరిదే" అని నవ్వుకుంటూ విన్నారు జనం. (పేరు మార్చాను లెండి.)

కంచరపాలెం_డిజైనర్ | జూలై 11, సాయంత్రం 6:00

కోడి కూతకి లోగో పెట్టారా సార్?

మోడరేటర్ | జూలై 11, సాయంత్రం 6:25

చర్చ బాగుంది. ఒక వ్యాఖ్యలో ఒక కార్పొరేట్ ఆసుపత్రి పేరు పెట్టి ఆరోపణలు రాశారు, తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

తీరం_పిల్ల | జూలై 11, రాత్రి 11:05

తీసెయ్యడం అంటే గుర్తొచ్చింది. మే నెలలో ఒకాయన మా పేజీలో "మూడు గంటలు కూర్చున్నా, పలికిన నాథుడు లేడు" అని రాశాడు. డిలీట్ చెయ్యమన్నారు, చేశాను. మర్నాడు ఆయన మా వెయిటింగ్ హాల్లో నిలబడి వీడియో తీసి పెట్టాడు. నేను కౌంటర్లో పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చున్నదే అందులో ముఖ్య దృశ్యం. మా నలభై పోస్టులూ కలిపి చూసినవాళ్ల కంటే ఎక్కువమంది చూశారు దాన్ని.

డబుల్_డ్యూటీ | జూలై 12, ఉదయం 7:40

అయ్యో తల్లీ. కౌంటర్ దగ్గరికి వచ్చి అరిచేవాణ్ణి నోరు మూసి బయటికి తోస్తామా? కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం. అక్కడా అంతే. "ఆరోజు ఇద్దరు డాక్టర్లకి బదులు ఒక్కరే ఉన్నారు, మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు మాదే" అని నాలుగు ముక్కలు రాసి ఉంటే సరిపోయేది. ఆయన్ని పక్కన పెట్టు. ఆ జవాబు చదివే మిగతా వందమంది కోసం రాయాలి.

హుద్‌హుద్_బ్యాచ్ | జూలై 12, ఉదయం 10:10

అందరూ ఫోన్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి గుర్తు చేస్తున్నా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేదు, టవర్లు లేవు. మా నాన్నకి డయాలసిస్ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోడానికి స్కూటర్ మీద, పడిపోయిన చెట్లు దాటుకుంటూ ఆసుపత్రుల గేట్లు తిరిగాను. ఒక గేటు మీద అట్టముక్క కట్టి స్కెచ్ పెన్నుతో "జనరేటర్ ఉంది, డయాలసిస్ నడుస్తోంది" అని రాశారు. నా జీవితంలో చదివిన గొప్ప హెల్త్ పోస్టు అదే. పేజీలో పెట్టేది రోజూ గేటుకి కూడా కట్టండమ్మా.

మాజీ_ఫార్మసిస్టు | జూలై 12, ఉదయం 11:30

అమ్మాయి అడిగిన డెంగీ పోస్టు మధ్యలో కొట్టుకుపోయింది. నేనొకటి రాశాను. డాక్టరు గారూ, తప్పుంటే దిద్దండి.

"జ్వరం తగ్గింది కదా అని వదిలెయ్యకండి. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే అసలు ప్రమాదం. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచీ ముక్కులోంచీ రక్తం, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి అయినా సరే ఆసుపత్రికి వచ్చెయ్యండి. జ్వరానికి పారాసెటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోకండి, రక్తస్రావం పెరగొచ్చు. నీళ్లు, ఓఆర్ఎస్, మజ్జిగ ఇస్తూ ఉండండి."

డా_ఎముకలు | జూలై 12, మధ్యాహ్నం 12:15

దిద్దడానికి ఏమీ లేదు. తేదీ మాత్రం పెట్టండి. తేదీ లేని మెసేజ్ వాట్సాప్‌లో ఐదేళ్లు తిరుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు ఫార్వర్డయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా కట్టడి పెట్టారు. అయినా పాతవి చావడం లేదు.

తీరం_పిల్ల | ఆగస్టు 2, రాత్రి 9:30

మూడు వారాల తర్వాత వచ్చాను. ఏం జరిగిందో చెప్పాలి కదా.

రోజూ ఏడున్నరకి "ఈరోజు ఎవరున్నారు" అని ఉత్త అక్షరాల్లో పెడుతున్నాను. అదే కాగితం మీద రాసి గేటుకి కడుతున్నాను. సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా కామెంట్లకి జవాబులు. మొదటి వారం ఇద్దరు అడిగారు, ఇప్పుడు రోజుకి ఇరవై దాకా వస్తున్నాయి. సెక్రటరీ గారితో రాజీ కుదిరింది: ఛైర్మన్ గారి ఫొటోలు ఆదివారం మాత్రమే. ఒడియాలో కూడా పెట్టమని ల్యాబ్ అబ్బాయి అన్నాడు, వాడిది బరంపురం. ఇంకా మొదలుపెట్టలేదు.

మాస్టారు రాసిన డెంగీ పోస్టు బాగా పాకింది. ఎంత బాగా అంటే, నిన్న మా పిన్ని మర్రిపాలెం నుంచి నాకే పంపింది, "మీ ఆసుపత్రి వాళ్లే చెప్పారు చూడు" అని. తెరిచి చూస్తే మా పేరు ఉంది, మాస్టారి మాటలన్నీ ఉన్నాయి, తేదీ తీసేశారు, ఆఖర్న ఎవరో ఒక లైను తగిలించారు: "బొప్పాయి ఆకు రసం రోజుకి రెండుసార్లు తాగితే ప్లేట్‌లెట్లు లక్ష దాటుతాయి." నాకు చెమటలు పట్టేశాయి. ఏం చెయ్యను?

మాజీ_ఫార్మసిస్టు | ఆగస్టు 2, రాత్రి 9:55

టెన్షన్ పడకు. పుకారుని పెద్దగా రాసి కింద "ఇది తప్పు" అని చిన్నగా రాయొద్దు, పైదే గుర్తుంటుంది. ముందు నిజం రాయి: "డెంగీలో ప్రాణం కాపాడేది సమయానికి ఒంట్లోకి నీళ్లు వెళ్లడం, డాక్టరు గమనిస్తూ ఉండటం." తర్వాత "బొప్పాయి రసం మాట మేం రాయలేదు, దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చెయ్యొద్దు" అని ఒక్క వాక్యం. తేదీ పైన కాకుండా వాక్యం మధ్యలో పెట్టు, తియ్యడానికి కష్టపడాలి. మీ పిన్నితో ఆ గ్రూపులోనే వేయించు. మన పోస్టు కంటే ఆవిడ మాట వింటారు.

అరిలోవ_అమ్మ | ఆగస్టు 2, రాత్రి 10:10

మా వీధి గ్రూపులోకీ వచ్చింది అది. నేను చీర ముక్క సంగతి కలిపి తిప్పి పంపాను, బొప్పాయి లైను కొట్టేసి. ఇప్పుడు నేను కూడా మార్చినదాన్నే అయ్యాను అనుకోండి!

అది సరేగానీ అమ్మాయ్, ఇక్కడే అడిగేస్తున్నా. రేపు ఆదివారం మీ దగ్గర పిల్లల డాక్టరు ఉంటారా? మనవడికి రెండ్రోజుల నుంచి జ్వరం.

తీరం_పిల్ల | ఆగస్టు 2, రాత్రి 10:14

రేపు పిల్లల డాక్టరు గారు ఉండరమ్మా, డ్యూటీ డాక్టరు రోజంతా ఉంటారు. ఆసుపత్రి పేరు మీకు విడిగా మెసేజ్ చేస్తాను. బాబు నీళ్లు తాగుతున్నాడా? మూత్రం మామూలుగా వస్తోందా? వాంతులున్నా, మగతగా ఉన్నా రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే దగ్గర్లో ఏది ఉంటే అక్కడికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చెయ్యండి.

అరిలోవ_అమ్మ | ఆగస్టు 2, రాత్రి 10:31

తాగుతున్నాడమ్మా. ఇందాకే ఇడ్లీ తిని టీవీ పెట్టమని ఏడుస్తున్నాడు. పొద్దున్నే వస్తాం.